నీడ లేనోడి ముఖం

మా మేనమామ మీద కోపం తగ్గిందా అని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? చర్చిలో క్షమాపణ మీద ప్రసంగం వచ్చినప్పుడల్లా మా అమ్మ నావైపు ఓరగా చూసేది. నేను పాటల పుస్తకంలో తల దూర్చేదాన్ని. ఊళ్ళో అందరినీ క్షమించాను, పాలల్లో నీళ్ళు పోసినవాణ్ణి కూడా. మావయ్యని మాత్రం నా చేత్తో శిక్షించాను, అందుకని ఆయన్ని క్షమించాల్సిన పని నాకు పడలేదు.

అరవయ్యో దశకం మొదటి రోజులు. మేం బందరులో ఉండేవాళ్ళం. నాన్నది దివిసీమలో పల్లెటూరు. మిషన్ బడిలో చదువుకుని ఆ బడిలోనే మాస్టరయ్యాడు. మా పక్కిల్లు అద్దకం పని చేసే సాయిబు గారిది. టేకు చెక్క మీద అచ్చులు చెక్కడం, ఆ అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద కొట్టడం, గంగాళంలో ఉడకేసి కాలవలో జాడించడం, అంతా ఆ పెరట్లోనే. నేను ఆయన్ని బాబాయి అని పిలిచేదాన్ని. ఆయన కూతురూ నేనూ ఒక ఈడువాళ్ళం. తల్లి పోయాక దాన్ని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. నేను ఎస్సెల్సీ దాకా వచ్చాను. బడి వదలగానే పుస్తకాల సంచి మా గుమ్మంలో గిరాటేసి వాళ్ళ పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

మిషన్ బంగళాలో దొరసాని గారి పిల్లలు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ వదిలేసిన బొమ్మల కథల కట్ట ఒకటి నాన్న ఇంటికి తెచ్చాడు. లాగు మీద చెడ్డీ తొడుక్కుని ఆకాశంలో ఎగిరే మగాళ్ళు! నా స్నేహితురాలు వాటిని చూసి పడీ పడీ నవ్వింది.

"ఇదేంటే, వీళ్ళమ్మ వీళ్ళకి బట్టలు కట్టుకోవడం నేర్పలేదా?"

తర్వాత మళ్ళీ మొదటినించీ పేజీలు తిప్పి, "ఎప్పుడు చూసినా వీళ్ళే గెలుస్తారు. వీళ్ళకి అలుపు రాదా?" అంది.

"మనం చేద్దామే, అలుపొచ్చేవాళ్ళని," అన్నాను. మా లోకం అలా మొదలైంది.

కాగితం మాకు ఎక్కడిది? బాబాయి పక్కన పడేసిన చిరుగు గుడ్డల మీద, బీటలు వారిన పాత అచ్చులతో కొట్టేవాళ్ళం. మామిడి పిందె అచ్చు తలకిందులుగా కొడితే వీరుడి భుజం. లత అంచు అడ్డంగా కొడితే కాలవ. నెమలి తోక వరసగా కొడితే సముద్రపు కెరటాలు. ముఖాలు మాత్రం పుల్లతో అది గీసేది. కథ నేను చెప్పేదాన్ని. కాదు, కథ కూడా సగం దానిదే. దండెం మీద ఆ పేలికలు వరసగా ఆరేస్తే ఈ చివరినించి ఆ చివరికి మా లోకం చరిత్ర.

మొదటిది ఉప్పెన కాలం. సముద్రం ఊరి మీద పడి, తిరిగి వెళ్ళిపోయాక బురదలో ఒక పసివాడు దొరుకుతాడు. వాడే పోటు మనిషి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వాడు పడవని బొంగరంలా తిప్పుతాడు, పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తీశాయంటే చెంబెడు నీళ్ళు ఎత్తలేడు. రోజూ ఆ చేతకాని వేళ వాణ్ణి ఎక్కడ దాచాలా అన్నదే ఊరివాళ్ళ బాధ. రెండోది పూత కాలం. చిలకలపూడి బంగారు పూత ఒంటికి పెట్టుకున్న వీరుడు ఒకడు వస్తాడు. కత్తి దెబ్బ తగిలిన ప్రతిసారీ కాస్త పూత ఊడిపోతుంది, లోపలి ఇత్తడి బయటపడుతుంది. మూడోది ఐసు కాలం. గిలకలదిండి ఒడ్డున ఐసు అక్క పుడుతుంది. ఆమె చెయ్యి తగిలితే కెరటం కూడా గడ్డకడుతుంది. ఎవరి మాటా వినదు. ఎవరినీ పెళ్ళి చేసుకోదు. వీళ్ళందరికీ పెద్దదిక్కు దీపస్తంభం మీద కూర్చుని సముద్రమంతా చూసే దీపం అవ్వ. ఐసు కాలం చివర్లో ఆ అవ్వ చచ్చిపోతుంది.

చచ్చిపోయినవాళ్ళు తిరిగి రాకూడదు. ఆ నియమం నా స్నేహితురాలు పెట్టింది. నేను ఒకసారి అవ్వని బతికిద్దామన్నాను, కథ బాగుంటుందని. అది పుల్ల కింద పెట్టేసింది.

"మా అమ్మ రాలేదుగా," అంది.

ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు నేను.

నాలుగోది నీడల కాలం. అందులో నీడ లేనోడు వస్తాడు. వాడికి సొంత నీడ లేదు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టకుండా ఎప్పుడూ గొడుగు వేసుకునే తిరుగుతాడు. ఇతరుల నీడలు దొంగిలిస్తాడు. నీడ పోయినవాడు రోజురోజుకీ పలచబడి చివరికి గాలిలో కలిసిపోతాడు. వాడి ముఖం మేం ఏ పేలిక మీదా గీయలేదు. ఎప్పుడూ గొడుగు అడ్డం. ఎలా ఉంటాడో మాకే తెలియదు.

తెలియజెప్పడానికి మా మావయ్య వచ్చాడు.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. గుడివాడలో బట్టల కొట్టు. మనిషి ఎర్రగా, బొద్దుగా ఉండేవాడు. సన్నగా కత్తిరించిన మీసం, ఒక కనుబొమ్మ రెండోదానికంటే కాస్త పైకి, జేబులో రెండు పెన్నులు, చంకలో గొడుగు. సరుకు పురమాయించడానికి బాబాయి దగ్గరికి వచ్చి దండెం మీద మా పేలికలు చూశాడు. "ఇవేంటే పిల్లా?" అన్నాడు. చెప్పాను. కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమంతా మా లోకం చరిత్ర విన్నాడు. "ఆఁ, తర్వాత?" అని అడుగుతూనే ఉన్నాడు. మేం ఉబ్బి తబ్బిబ్బయ్యాం. అంతకుముందు మా కథ అంత శ్రద్ధగా విన్న పెద్దమనిషి ఒక్కడూ లేడు. దొంగ శ్రద్ధగానే వింటాడని మాకప్పుడు తెలియదు. నీడల కాలం సగంలో ఉండగా రైలు వేళయిందని లేచాడు.

"మా గుడివాడ పిల్లలకి చూపించి పంపిస్తానే," అని పేలికలన్నీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నెలలు గడిచాయి. పేలికలు రాలేదు. క్రిస్మస్ బట్టలకని అమ్మా నేనూ రైలెక్కి గుడివాడ వెళ్ళాం. కొట్టు ముందు జనం. పైకి చూశాను. పోటు మనిషి! తలుపు తెరల మీద, దిండు గలీబుల మీద, పిల్లల దుప్పట్ల మీద, ఎక్కడ చూసినా మా పోటు మనిషే. పెడన పనివాళ్ళ చేత అచ్చులు చెక్కించాడట. ప్రతి గుడ్డ మూలనా సృష్టికర్త అని మావయ్య పేరు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏంటో ఆ రోజు కళ్ళారా చూశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఐసు అక్కని పోటు మనిషికి పెళ్ళాన్ని చేసేశాడు! తల వంచుకుని, పళ్ళెంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబెట్టాడు. దీపం అవ్వని బతికించి ఉయ్యాల బల్ల మీద కూర్చోబెట్టాడు. నా ఒళ్ళు భగ్గుమంది.

"మావయ్యా, ఇవి మావి," అన్నాను, కొట్టంతా వినపడేలా.

ఆయన నవ్వి గోలీసోడా తెప్పించాడు. "తాగవే, ఎండనపడి వచ్చావు. బొమ్మలు ఎవరైనా గీస్తారే. నలుగురిలో పెట్టి నిలబెట్టడం ఉంది చూశావూ, అదీ పనంటే. ఆడపిల్లల పేరేస్తే ఎవడు కొంటాడు?"

"అవ్వని ఎందుకు బతికించావు?"

"ఇంట్లో వేలాడదీసుకునే గుడ్డ మీద చావేంటే, అశుభం!"

అమ్మ నా తొడ మీద గిల్లింది. "నోర్ముయ్. నలుగురిలో మా తమ్ముడి పరువు తీస్తావా?" మా పరువు సంగతి ఎవరూ అడగలేదు. గోలీసోడా గుమ్మం బయట పారబోశాను.

బందరు వచ్చి నా స్నేహితురాలికి చెప్పాను. కాఫీ సంగతి వింటూ పళ్ళు నూరింది. పేరు సంగతి చెబితే పెదవి విరిచింది. చివరికి, "అవ్వని బతికించాడా?" అని అడిగింది. అవునన్నాను. అచ్చుల పెట్టె ముందుకు లాక్కుని మూత తీసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నీడ లేనోడి ముఖం మనం ఇంతవరకూ గీయలేదు కదే," అంది. "ఇప్పుడు గీద్దాం."

నాకు కావలసింది ఒక్కటే. ఆ లోకం మాదని మావయ్య నలుగురి ముందూ తన నోటితో ఒప్పుకోవాలి. ఎలా ఒప్పించడం? ఆ దారి కూడా ఆయనే చూపించాడు. పాపం, అడక్కుండానే.

ఎండాకాలం ముందు గుడివాడలో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మావయ్య మళ్ళీ బాబాయి దగ్గరికి వచ్చాడు. మా ముఖాలు చూడ్డానికి సిగ్గేమైనా ఉందా? లేదు. "ఏమే కోడలు పిల్లా, కోపం పోయిందా?" అని నా జడ లాగి బాబాయితో మాట్లాడుతూ కూర్చున్నాడు. ఎగ్జిబిషన్‌లో వేదిక మీదే గంగాళం పెట్టించి, జనం చూస్తుండగా గుడ్డ ముంచి, పోటు మనిషిని పుట్టిస్తాడట. ఎగ్జిబిషన్ కమిటీ ప్రెసిడెంటు గారు అక్కడే శాలువా కప్పుతారట.

అద్దకం పనిలో ఎరుపు ఎలా వస్తుందో ఇక్కడ చెప్పాలి. ఎర్ర రంగుని గుడ్డ మీద అద్దరు. పటిక నీళ్ళతో అచ్చు కొడతారు. ఆరాక ఆ గుడ్డని ఎర్ర వేరు నీళ్ళలో ఉడకేస్తే, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పట్టుకున్నది ఇక వదలదు. పటికకి సొంత రంగు లేదు కాబట్టి, ఎక్కడ కొట్టామో కంటికి ఆనడానికి అందులో కాస్త రంగు కలుపుతారు. అది తర్వాత నీళ్ళలో పోతుంది.

"ఆ రంగు కలపొద్దు," అన్నాడు మావయ్య. "గుడ్డ ఖాళీగా కనపడాలి. ఖాళీ గుడ్డలోంచి బొమ్మ పుట్టుకొస్తే జనం నోళ్ళు వెళ్ళబెట్టాలి."

బాబాయి తల గోక్కున్నాడు. "రంగు లేకపోతే అచ్చు ఎక్కడ పడిందో నాకే కనపడదు షావుకారు గారూ. కొట్టినోడికే తెలీకపోతే ఎట్టాగండీ?"

"నాకు కావలసింది అదే," అన్నాడు మావయ్య.

నేనూ నా స్నేహితురాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జీవితంలో ఒక్క రోజు కూడా గంగాళంలో చెయ్యి పెట్టనివాడు తప్ప ఆ మాట ఇంకెవరూ అనరు.

నా స్నేహితురాలు అచ్చులు చెక్కడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఆడపిల్ల ఉలి పట్టకూడదనేవాళ్ళు. బాబాయి అన్నం తిని నడుం వాల్చిన వేళల్లో అది చెక్కేది, నేను గుమ్మంలో కాపలా. కథలో ఒక్కో ఘట్టానికి ఒకటి చొప్పున నాలుగు అచ్చులు చెక్కింది. వాటిలో మావయ్య మీసం, పైకి లేచిన కనుబొమ్మ, రెండు పెన్నులు, చంకలో గొడుగు, ఒక్కటీ వదల్లేదు. "ముక్కు ఇంకాస్త లావు పెట్టవే," అని నేను. "ఉన్నదే చాలు, అబద్ధం వద్దు," అని అది. దానిది నాకంటే గట్టి పగ.

గుడ్డ సిద్ధం చేసింది ఒక శుక్రవారం. బాబాయి నడిమధ్య పోటు మనిషిని కొట్టాడు. తడి ఆరగానే ఏమీ లేదు, వట్టి గుడ్డ. చుట్టూ అంచులు వదిలేశాడు. చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, నమాజుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"పటిక నీళ్ళు మిగిలాయి. వృథాగా పారబొయ్యకండి," అన్నాడు, మా వైపు చూడకుండా. "నేను రావడానికి ఆలస్యమవుద్ది."

మసీదు పక్క సందులోనే. ఆయన కావాలనే ఆ మాట అన్నాడని నా నమ్మకం. అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తిరిగి వచ్చేసరికి అంచు చుట్టూ అచ్చులు కొట్టేశాం. మర్నాడు కాలవలో జాడించి ఆరేసినప్పుడు కూడా గుడ్డ మీద ఏమీ లేదు. నేను వేలితో తడిమి చూశాను, ఏమైనా తెలుస్తుందేమోనని. గుడ్డ చల్లగా ఉంది, అంతే.

ఎగ్జిబిషన్ మైదానం కిటకిటలాడింది. మిట్ట మధ్యాహ్నం. వేదిక పక్కన ఇటుకల పొయ్యి, రాగి గంగాళం, కుతకుత ఉడుకుతున్న ఎర్ర నీళ్ళు. బాబాయి, ఇద్దరు కూలీలు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మేమిద్దరం ఆడవాళ్ళ వైపు ముందు వరసలో మా అమ్మ పక్కన కూర్చున్నాం. మావయ్య పట్టు కండువా వేసుకుని, అంత ఎండలోనూ గొడుగు తెరవకుండా చంకలోనే పెట్టుకుని, మైకు ముందు నిలబడ్డాడు. ఈ వీరులు తన బుర్రలో ఎలా పుట్టారో చెప్పాడు. ఒక రాత్రి కలలో కనపడ్డారట! నా స్నేహితురాలు నా చెయ్యి నలిపేసింది.

ఖాళీ గుడ్డ ఎత్తి జనానికి చూపించారు. ముంచారు. తిప్పారు. ఉడికించారు. కర్రల మీద పైకి లేపారు. నడిమధ్య ఎర్రగా, నిండుగా పోటు మనిషి! చప్పట్లు మోగాయి. ప్రెసిడెంటు గారు శాలువా విప్పారు. అప్పుడు కూలీలు మిగతా గుడ్డ కూడా విప్పి ఆ చివరా ఈ చివరా పట్టుకున్నారు.

చంటిపిల్లని ఎత్తుకున్న ఒక ఆవిడ బిడ్డకి బొమ్మలు చూపిస్తూ పైకే చెప్పసాగింది. "అదుగో అమ్మా, ఇద్దరక్కలు కూర్చుని బొమ్మలేసుకుంటున్నారు. గొడుగాయన వచ్చాడు. అయ్యయ్యో, బొమ్మలన్నీ సంచిలో వేసుకున్నాడు. ఇదుగో, జనం ముందు నిలబడి నావే నావే అంటున్నాడు..." ఆవిడ ఆగింది. వేదిక వైపు చూసింది. "ఓరి దేవుడో! ఆ గొడుగు, ఆ మీసం..."

మైదానమంతా గుడ్డనీ మావయ్యనీ మార్చి మార్చి చూసింది. నవ్వు వెనక వరసల్లో మొదలై ముందుకొచ్చింది. మావయ్య ముఖాన నెత్తురు చుక్క లేదు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో!

"ముంచండి! మళ్ళీ ముంచండి దాన్ని!" అని అరిచాడు. ముంచారు. కర్ర లాక్కుని తనే గుడ్డని లోపలికి కుక్కాడు. పైకి లేపితే ఇంకా ఎర్రగా వచ్చింది.

"ముంచేకొద్దీ పండుద్దండీ," అన్నాడు బాబాయి వినయంగా.

"ఎవడు కొట్టాడురా ఇవి? నువ్వు చూడలేదా?"

"నాకేం కనపడుద్దండీ? రంగు వద్దని తమరేగా చెప్పారు."

ప్రెసిడెంటు గారు శాలువా మళ్ళీ మడిచారు. "ఏమండీ ఇది? ఈ కథ మీదేనా?" అని అడిగారు. నాదేనన్నాడు మావయ్య, పిల్లలెవరో అల్లరి చేశారన్నాడు. నేను లేచాను. అమ్మ నా కొంగు పట్టి లాగింది. కొంగు వదిలించుకుని వేదిక దగ్గరికి వెళ్ళాను.

"ఆయనదైతే ఒక్క మాట చెప్పమనండి. నీడ లేనోడు దొంగిలించిన నీడలు ఎక్కడ దాస్తాడు?"

మావయ్య మైకు సర్దుకున్నాడు. "గుహలో," అన్నాడు. "అంటే... ఒక దీవిలో... సముద్రం అడుగున..."

ఆయనకి తెలియదు. ఆ రోజు రైలు వేళయిందని లేచిపోయాడుగా. ఆడవాళ్ళ వరసలోంచి నా స్నేహితురాలు లేచి నిలబడింది. పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, దాని గొంతు మైకు లేకుండా మైదానమంతా వినపడింది.

"గొడుగులో!"

మావయ్య గబుక్కున చంకలోని గొడుగు తీసి కింద పడేశాడు, తేలు కుట్టినట్టు. అంతే, జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వులోనే మైకు ముందుకొచ్చి, తల వంచుకుని, ఆ కథ తన అక్క కూతురిదీ దాని స్నేహితురాలిదీ అని చెప్పాడు. వెనకవాళ్ళకి వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పించాను.

దాని ఫలితం మేమూ అనుభవించాం. అమ్మ ఆ వేసవంతా నాతో మాట్లాడలేదు. గుడివాడ పని పోయి బాబాయి ఇంట్లో కొన్నాళ్ళు ఒంటిపూట తిండే అయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. కానీ ఆయన గానీ కూతురు గానీ ఒక్క మాట అనలేదు. తర్వాత పెడన నించే పని వచ్చింది. నా స్నేహితురాలు పెళ్ళయి దివిసీమలో నాగాయలంక వైపు వెళ్ళింది. అత్తగారింటికి ఉలి కూడా పట్టుకెళ్ళింది. గుడ్డ నా దగ్గరే ఉండిపోయింది.

నాలుగైదేళ్ళు గడిచాక, నేను టీచరునై బందరులోనే వేరే ఇల్లు తీసుకున్నాక, ఒకరోజు మావయ్య వచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. కొట్టు డల్‌గా ఉందట, జనం పోటు మనిషి దుప్పట్లు అడుగుతున్నారట. నా స్నేహితురాలు పుట్టింటికి వచ్చి, ఆ పూట మా ఇంట్లోనే ఉంది. గోడ మీద గుడ్డ, గుడ్డ మీద ఆయన ముఖం, ఏటా ఉతికినా చెక్కు చెదరకుండా. సరిగ్గా దాని కిందే కుర్చీ వేశాను.

"మీ పేర్లే వేస్తానే. మీరు చెప్పినట్టే వేస్తాను," అన్నాడు.

"అవ్వ చచ్చిందా, బతికిందా?" అని అడిగింది నా స్నేహితురాలు.

"చచ్చిందమ్మా. చచ్చిపోయింది."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఎండనపడి వచ్చాను. కాస్త కాఫీ అయినా ఇవ్వవే," అన్నాడు.

"మా ఐసు అక్క కాఫీ పెట్టదు మావయ్యా," అన్నాను. "స్టవ్వు వంటింట్లో ఉంది. పొడి పై అరలో ఉంది."

ఆయన నా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళాడు. స్టవ్వు పంపు కొట్టిన చప్పుడు, గిన్నె చప్పుడు వినపడ్డాయి. మేం కదల్లేదు. పళ్ళెంలో మూడు గ్లాసులు పెట్టుకుని, తొణక్కుండా తల వంచి చూసుకుంటూ వచ్చాడు.

నా స్నేహితురాలు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"పంచదార తక్కువైంది," అంది.

మావయ్య మళ్ళీ లేచి వెళ్ళాడు.